జారిపోయిన ఏడు వారాలు

“ఆ కాగితం నా మొహాన పెట్టి ఏమిటండీ మీరనేది? రోగం మీరు అంటించి, నింద మా పిల్ల నెత్తిన రుద్దుతారా!”

ఇందిరాదేవి గొంతుకి గుడివాడలోని ఆ చిన్న డాబా ఇల్లు దద్దరిల్లింది. కాళ్ళకున్న చెప్పులైనా విడవలేదామె. పొద్దున్నే కూతురు రాగిణి ఫోన్ చేసి, “అమ్మా... ఒక్కసారి వస్తావా...” అని గొల్లుమనేసరికి, కట్టుకున్న చీరతోనే విజయవాడ బస్టాండుకి పరిగెత్తింది. బస్సు ఉయ్యూరు ఎప్పుడు దాటిందో, పామర్రు ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియనే లేదు. భర్త లక్ష్మీనారాయణ పోయాక పన్నెండేళ్ళుగా ఆ పిల్లే ఆమె లోకం. పెళ్ళయి ఎనిమిది నెలలు. ఇప్పుడు నాలుగో నెల. ఏమైంది నా తల్లికి? కడుపులో బిడ్డకేమైనా...! దారిపొడుగునా కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూనే వచ్చింది.

తీరా వచ్చి చూస్తే ఇదీ సంగతి! గర్భిణులకు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో రాగిణికి సిఫిలిస్ ఉన్నట్టు తేలింది. పాతకాలం వాళ్ళు సవాయి అనేవారే, ఆ జబ్బు! ఆడా మగా కలయికతో అంటుకునే జబ్బు! ముప్ఫై రెండేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఇందిరాదేవికి ఆ పేరు కొత్తది కాదు. కానీ ఇప్పుడది తన కూతురి పేరు కిందే అచ్చయి ఉంది!

వియ్యపురాలు భ్రమరాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా కూర్చుంది. “నేనేం నింద వెయ్యలేదు వదినగారూ... డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. మావాడికీ పరీక్ష చేశారు. వాడికేమీ లేదన్నారు...”

“అంటారు! ఎందుకనరు? కాలేజీ లెక్చరరుగారికి తెలిసిన ల్యాబు ఒకటి ఉండకపోతుందా, కావలసినట్టు కాగితం రాసివ్వకపోతారా! మగపిల్లాడు ఎక్కడ తిరిగొచ్చాడో కన్నతల్లికి మాత్రం ఏం తెలుస్తుందిలెండి!”

అల్లుడు శరత్‌చంద్ర మొహం పాలిపోయింది. అతనికి కోపం రాలేదనడానికి లేదు. పిడికిలి బిగించాడు, మళ్ళీ వదిలేశాడు. బల్ల మీదున్న డాక్టరు చీటీ తీసుకుని అత్తగారి దగ్గరకు వచ్చాడు.

“అత్తయ్యగారూ, ఎవరి నుంచి వచ్చిందనేది తర్వాత మాట్లాడుకుందామండీ. ఇది నయమయ్యే జబ్బే. వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజక్షన్లు చెయ్యాలి. మొదటిది ఇవ్వాళే చెయ్యమన్నారు. ఆలస్యమైతే బిడ్డకి ప్రమాదమట. ముందు రాగిణికి ఇంజక్షను చేయించుకొద్దాం. ఆ తర్వాత మీరు నన్ను ఎన్ని అన్నా పడతాను.”

ఎంత మంచి మాట! ఎంత పెద్ద మనసు! ఆ క్షణాన ఆ మాట ఇందిరాదేవి చెవికెక్కి ఉంటే...! కానీ ఎక్కలేదు. తన పెంపకం మీద ఎవరో బురద చల్లుతున్నారన్న ఒక్క ఆలోచన తప్ప ఆమె బుర్రలో మరేమీ లేదు. ఆ చీటీ లాక్కుని, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో కుక్కింది.

“మా పిల్లకి ఏ రోగమూ లేదు! మంచి చోట మళ్ళీ పరీక్ష చేయిస్తాను. పదవే రాగిణీ!”

లోపలి గది గుమ్మంలో నిలబడ్డ రాగిణి నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తలొంచుకుని తల్లి వెనకాలే నడిచింది. శరత్‌చంద్ర వీధి గేటు దాకా వచ్చి, “రాగిణీ... ఇంజక్షను మాత్రం మానకు” అన్నాడు. ఆటో కదిలిపోయింది.

* * *

సత్యనారాయణపురంలో తెలిసిన ల్యాబులు చాలానే ఉన్నాయి. తెలిసినవి కాబట్టే ఇందిరాదేవి వాటి గడప తొక్కలేదు. ఎవరూ పోల్చుకోరని కూతుర్ని వన్‌టౌన్‌లో, గోడౌన్ల మధ్య ఇరుకు సందులో ఉన్న ఒక ల్యాబుకి తీసుకెళ్ళింది. పేరడిగితే “సంయుక్త” అని చెప్పింది. కన్నకూతురి పేరు కన్నతల్లే మార్చి చెప్పిన ఆ క్షణంలో రాగిణి తల్లి మొహంలోకి చూసిన చూపు...! ఆ చూపు ఇందిరాదేవి ఆనాడు గమనించలేదు. తర్వాత ఎన్నో రోజులు అదే కళ్ళముందు నిలిచింది.

రెండో కాగితంలోనూ అదే మాట ఉంది.

“చూశావా! ఆ మహానుభావుడే!” అంటూ ఇందిరాదేవి ఇంట్లోకి వస్తూనే అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. రాగిణి చాలాసేపు విన్నది. చివరికి రెండు చెవులూ మూసుకుని, “ఆయన్ని అనకమ్మా!” అని అరిచింది. “ఆయన తప్పేం లేదు! నాదేనమ్మా... నాదే...”

ఆటోనగర్‌లో విడిభాగాల కంపెనీలో ఉద్యోగం చేసిన రోజుల్లో పరిచయమయ్యాడట. పేరు కిరణ్‌కుమార్. అదే కంపెనీలో మార్కెటింగ్. ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారట. ఏడాది సాగింది. తర్వాత ఒకనాడు “మా ఇంట్లో ఒప్పుకోరు” అని తప్పుకున్నాడట. అతనికి ఫోన్లో ఇంకా ఎన్ని పరిచయాలున్నాయో రాగిణికి తర్వాత తెలిసిందట.

“చదువుకున్నదానివి కదే! ఏ జాగ్రత్తా... ఏమీ...” ఇందిరాదేవికి ఆ మాట పూర్తిచెయ్యడానికి నోరు రాలేదు.

“ఒకసారి అడిగానమ్మా, కండోమ్ వాడమని. ‘అంటే నా మీద నమ్మకం లేదా’ అన్నాడు. నమ్మకం ఉందని చూపించుకోవాలనుకున్నాను... గర్భం రాకుండా ఉంటే చాలనుకున్నాను. జబ్బు సంగతి నాకసలు తోచనే లేదు. శుభ్రంగా ఉండేవాడు, చదువుకున్నవాడు... అలాంటివాళ్ళకి ఇలాంటివి ఎందుకుంటాయి అనుకున్నాను...”

ఇందిరాదేవి కూతుర్ని కొట్టలేదు. కొట్టినా బాగుండేదేమో! దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక మూడు రోజులు కూతురితో పన్నెత్తి మాట్లాడలేదు. అన్నం వడ్డించి కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. పెద్దాసుపత్రికి వెళ్తే ఓపీలో తన దగ్గర చదువుకున్నవాళ్ళెవరైనా ఎదురైతే? ఏ గది ముందు కూర్చున్నారో చూస్తే? తెలిసిన డాక్టరు దగ్గరకి వెళ్తే ఆయన భార్య నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఆలోచించి ఆలోచించి, చివరికి వీధి చివర మందుల షాపతన్ని “మా చుట్టాలమ్మాయికి” అంటూ అడిగి, అతనిచ్చిన మాత్రలు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

“ఇంజక్షన్లు అన్నారు కదమ్మా...” అంది రాగిణి.

“మాత్రలతోనే పోతుందట. మింగు. ఇక ఈ సంగతి ఈ ఇంట్లో ఎత్తకు.”

శరత్‌చంద్ర రోజూ ఫోన్ చేసేవాడు. ఇందిరాదేవే తీసి “మందు వాడుతున్నాం” అని పెట్టేసేది. రాగిణికి భర్తతో మాట్లాడే ధైర్యం లేదు. తల్లికి ఎదురుచెప్పే ధైర్యం అసలే లేదు. తప్పు చేసినదాన్ని, నాకింకా అడిగే హక్కేముంది అని ముడుచుకుపోయింది. అలా ఒక్కొక్క వారమే జారిపోయింది. ఏడు వారాలు!

* * *

ఎనిమిదో వారంలో ఒక సాయంత్రం రాగిణి హాల్లోకి వచ్చి నిలబడింది. “అమ్మా, నిన్నటి నుంచి కదలడం లేదు” అంది.

ఆ మాటతో ఇందిరాదేవికి పరువూ గుర్తు లేదు, పేరూ గుర్తు లేదు. ఆటో ఎక్కించుకుని పెద్దాసుపత్రికే పరిగెత్తింది. “నా కూతురండీ! రాగిణి! ఆరో నెల దాటిందండీ! చూడండమ్మా, కాస్త చూడండి!” అంటూ కనిపించిన ప్రతి నర్సునీ చేతులు పట్టుకుని బతిమాలింది. డ్యూటీ డాక్టరమ్మ స్కానింగ్ చేసి చూసింది, మళ్ళీ మొదటి నుంచీ చూసింది. ఆ రెండోసారిలోనే ఇందిరాదేవికి సంగతి అర్థమైపోయింది...

ఆడపిల్ల. మర్నాడు మధ్యాహ్నానికి, ఏడవని బిడ్డగా పుట్టింది.

పాత కాగితాలన్నీ చూసి డాక్టరమ్మ అడిగింది. “నాలుగో నెలలోనే తెలిసింది కదమ్మా! ఇంజక్షన్లు ఎందుకు చేయించలేదు? మీరిచ్చిన మాత్రలు దీనికి పనికొచ్చేవే కావు. అప్పుడే చేయించి ఉంటే బిడ్డ దక్కే అవకాశం చాలా ఉండేది.”



శరత్‌చంద్ర కబురందగానే వచ్చాడు. అత్తగారి వైపు చూడలేదు. తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డని నర్సు చేతుల్లోంచి తీసుకుని, కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు కదలడం మాత్రం కనిపించింది. చేయవలసినవన్నీ అతనే చేశాడు. సాయంత్రం వచ్చి రాగిణి మంచం పక్కన కాసేపు కూర్చున్నాడు. వెళ్ళేముందు ఇందిరాదేవి అతని ముందు చేతులు జోడించింది.

“బాబూ... ఆనాడు నువ్వు చెప్పిన మాట...”

“వద్దండీ” అన్నాడతను నెమ్మదిగా. “ఇప్పుడు వద్దు. ఇప్పుడు వింటే నేనేమైనా అనేస్తాను.” అని వెళ్ళిపోయాడు.

* * *

మూడో రోజున రాగిణికి మొదటి ఇంజక్షను చేయించి, సుఖవ్యాధుల విభాగంలో కౌన్సిలరు దగ్గరకు పంపారు. చిన్న గది. గోడకి ఎయిడ్స్ అవగాహన రెడ్ రిబ్బన్ బొమ్మ. బల్ల వెనక నలభై దాటిన ఆవిడ, ఇందిరాదేవిని చూడగానే గబుక్కున లేచి నిలబడింది.

“టీచర్‌గారూ! మీరా!... నేనండీ, అమలమ్మని! మీ దగ్గర టెన్త్ చదివాను. రెండో బెంచీ!”

ఏడు వారాలు ఏ క్షణానికైతే భయపడి దాక్కుందో ఆ క్షణం ఎదురుగా వచ్చి నిలబడింది! ఇందిరాదేవికి నేల చీలితే బాగుండుననిపించింది. కానీ అమలమ్మ ఇంకేమీ అడగలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. రాగిణి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, జబ్బు గురించి, మిగతా రెండు ఇంజక్షన్ల గురించి, ఆ తర్వాత చేయించుకోవలసిన పరీక్షల గురించి నిదానంగా చెప్పింది. మళ్ళీ బిడ్డలు పుడతారని చెప్పింది. అప్పుడు రాగిణి మొదటిసారి భోరుమంది.

“మొదట్లో పుండులాంటిదేమైనా వచ్చిందామ్మా? నొప్పి లేకుండా?”

“వచ్చిందండీ. దానంతటదే మానిపోయింది. తర్వాత అరచేతుల్లో ఎర్రటి మచ్చలు...”

ఇందిరాదేవి ఉలిక్కిపడింది. ఆ మచ్చలు తను చూసింది! రెండేళ్ళ కిందట రాగిణి చేతులు పట్టుకుని చూసి, “వేడి చేసిందే, ఆఫీసు క్యాంటీను తిండి మానెయ్” అని సబ్జా గింజలు నానబెట్టి తాగించింది. రాత్రుళ్ళు గంధం అరగదీసి తన చేత్తో పూసింది. వారంలో తగ్గాయని మురిసిపోయింది కూడా! దేవుడా... నా చేతుల్లోనే ఉంది కదా అప్పుడు!

“అప్పుడైనా నాతో ఒక్క మాట చెప్పకూడదటే!” అంది, ఏడుపు ఆపుకోలేక.

రాగిణి తల ఎత్తకుండానే చెప్పింది. “చెబుదామనే వచ్చానమ్మా. వంటింటి గుమ్మం దాకా వచ్చాను. నువ్వు దొడ్లో పక్కింటావిడతో మాట్లాడుతున్నావు. వాళ్ళ బంధువులమ్మాయి ఎవరితోనో వెళ్ళిపోయిందని... ‘అలాంటిది నా కడుపున పుట్టి ఉంటే, దాన్ని ముందు ఏ కాలవలోనో తోసి, నేనూ దూకేదాన్ని’ అన్నావు. నువ్వు నవ్వుతూనే అన్నావమ్మా... కానీ నేను వెనక్కి వెళ్ళిపోయాను.”

ఇందిరాదేవికి ఆ మాట అన్నట్టు గుర్తే లేదు! ఊసుపోక ఆడవాళ్ళు అనుకునే మాటల్లో ఒకటి. అలాంటివి జీవితంలో ఎన్ని అని ఉంటుందో!

అమలమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందు పెట్టింది. “తప్పు మీ ఒక్కరిదే కాదు టీచర్‌గారూ. నేను ఈ గదిలో పదహారేళ్ళుగా కూర్చుంటున్నాను. మొదట్లో లారీల వాళ్ళు, కూలికి ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కువ వచ్చేవాళ్ళు. ఇప్పుడు కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసే పిల్లలు వస్తున్నారు. ఫోన్లో పరిచయం, పది రోజుల్లో స్నేహం. గర్భం వస్తుందని భయపడతారు గానీ జబ్బు వస్తుందని ఎవరికీ తోచదు. అడిగితే ‘మాకెవరూ చెప్పలేదండీ’ అంటారు.” నొప్పించకుండా అంది. “మాకు టెన్త్‌లో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మీరు కూడా... ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండమ్మా’ అని పేజీలు తిప్పేశారు. మేమంతా సిగ్గుతో నవ్వుకున్నాం.”

ముప్ఫై రెండేళ్ళు! ప్రతి ఏడూ నలభై యాభై మంది పిల్లలు! ఇంటి దగ్గర చదువుకోమంది. ఇంటి దగ్గర తన బిడ్డకే చెప్పింది కాదు!

వెళ్ళబోతుంటే అమలమ్మ అసలు విషయం ఎత్తింది. “ఆ అబ్బాయికి తెలియాలమ్మా. అతనికి పెళ్ళయి ఉంటే ఆ అమ్మాయికి కూడా. మీ పేరు రానివ్వకుండా కబురు మేం పంపుతాం.”

* * *

కబురు పంపారు. అతను రాలేదు. రాగిణి ఫోన్ చేస్తే “ఎవరు మీరు” అని, ఆ తర్వాత నంబరే అందకుండా చేశాడు. పాత కంపెనీలో స్నేహితురాలొకామె ద్వారా తెలిసిందేమిటంటే అతనికి పెళ్ళయి ఏడాది కావస్తోంది. హనుమాన్ జంక్షన్‌లో కాపురం. భార్య పేరు వినీల. ఐదో నెల!

రాగిణి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

“ఎక్కడికే ఒంట్లో ఇంత నీరసంతో!”

“ఆ అమ్మాయికి చెప్పాలమ్మా. మనకి ఏడు వారాలున్నా వాడుకోలేదు. ఆమెకి ఇంకా టైముంది.”

ఇందిరాదేవి కూతురి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. “నువ్వొద్దు తల్లీ. రేపు పొద్దున్నే నేను వెళ్తాను. నీ పేరు చెప్పకుండా ఎలాగోలా...”

“నా పేరు చెప్పమ్మా. చెప్పకపోతే నమ్మరు.”

హనుమాన్ జంక్షన్‌లో ఏలూరు వైపు రోడ్డు మీద, కింద చీరల కొట్టు, పైన ఇల్లు. పెడన నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవాళ్ళ కుటుంబం. కొట్లో కిరణ్‌కుమార్ తల్లి రాఘవమ్మ కూర్చుని ఉంది. పక్కన ఒక పిల్ల చీరలు మడత పెడుతోంది. పాతికేళ్ళుండవు. కొంగు చాటున కడుపు ఎత్తుగా కనిపిస్తోంది.

“రండమ్మా, ఏం చూపించమంటారు? కాటన్‌లోనా?” అంది రాఘవమ్మ.

ఇందిరాదేవి దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆ పిల్లే ఆమె మొహం చూసి, స్టూలు జరిపి, “ఎండలో వచ్చినట్టున్నారు పిన్నిగారూ, కూర్చోండి” అని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగుతుంటే ఇందిరాదేవికి కన్నీళ్ళు ఆగలేదు. ఇంత మంచిపిల్ల కాపురంలో నిప్పులు పొయ్యడానికా తను వచ్చింది! లేచి వెళ్ళిపోదామా అనుకుంది. కానీ ఆ పిల్ల కడుపు మీదికి చూపు పోయింది. వెళ్ళలేకపోయింది.

“వినీలా... నేను విజయవాడ నుంచి వచ్చానమ్మా. టీచర్ని. మా అమ్మాయి రాగిణి, మీ ఆయన ఒకే కంపెనీలో చేసేవాళ్ళు. పెళ్ళి చేసుకుందామనుకున్నారు. అది జరగలేదు. అతని నుంచి మా పిల్లకి ఒక జబ్బు వచ్చింది. మేం చూసుకోలేదు. పది రోజుల కిందట మా బిడ్డ... కడుపులోనే పోయింది. నువ్వు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకో తల్లీ. లేకపోతే మంచిదే. ఉంటే మూడు ఇంజక్షన్లు. అంతే.”

రాఘవమ్మ దిగ్గున లేచింది. “ఏమిటమ్మా నువ్వు కూసేది! నీ కూతురు ఎక్కడెక్కడ తిరిగిందో, బంగారంలాంటి నా కొడుకు మీద పెడతావా! పెంచడం చేతకానిదానివి, సంసారుల ఇంటికొచ్చి రోగాలు పంచుతావా! నడు! నడు బయటికి!”

చుట్టుపక్కల కొట్లవాళ్ళు తొంగిచూశారు. ఇందిరాదేవి తల వంచుకుని విన్నది. ప్రతి మాటా తన గొంతులోనే వినిపించింది ఆమెకు. గుడివాడలో తను అన్నవి ఇవే కదా!

“అవునమ్మా” అంది రాఘవమ్మతో. “నేనూ మీలాగే అన్నాను. మా అల్లుణ్ణి, వియ్యపురాల్ని ఇంతకన్నా ఎక్కువే అన్నాను. నా పంతం నెగ్గింది. మనవరాలు పోయింది. మీరు నన్ను కొట్టినా సరే, పరీక్ష మాత్రం ఆపకండి.”

అమలమ్మ ఫోన్ నంబరు రాసిన కాగితం చీరల మీద పెట్టి మెట్లు దిగింది. వినీల చేతిలో సగం మడత పెట్టిన చీరతో అలాగే నిలబడిపోయింది.

* * *

మూడో ఇంజక్షను రోజున ఆస్పత్రి వరండాలో రాగిణి తల్లి పక్కన కూర్చుంది. అవతల బెంచీ మీద ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. వినీల! పక్కన రాఘవమ్మ! ఆ ఉగ్రరూపం ఏమైపోయిందో, కోడలి సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది.

వినీల లేచి వచ్చి రాగిణి ముందు ఆగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “మీరేనా రాగిణి?”

రాగిణి లేచి నిలబడింది. ఏం అంటుందో, అందరిలో ఎంత మాట అంటుందో అని ఇందిరాదేవి కూడా లేచింది.

“నాకూ ఉందట” అంది వినీల. “ఆయన ముందు కాదన్నాడు. కాగితం చూశాక ఒప్పుకున్నాడు. అవతల మగవాళ్ళ గదిలో ఆయనకి ఇంజక్షను చేస్తున్నారు. తర్వాత నాకు.” చిన్నపిల్లలా అడిగింది. “బాగా నొప్పిగా ఉంటుందా అక్కా?”

“ఉంటుంది” అంది రాగిణి. “నేను పక్కనే ఉంటాను. రా.”

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి వెళ్ళారు. వరండాలో ఇద్దరు తల్లులూ మిగిలారు. కాసేపటికి రాఘవమ్మ, “మీరు ఆ రోజు రాకపోతే...” అని మొదలుపెట్టి, ముగించలేక మొహం కొంగులో దాచుకుంది.

శరత్‌చంద్ర అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. మూడో ఇంజక్షను ఇవ్వాళేనని అతనికి తెలుసు. జరిగినదంతా ఇందిరాదేవి చెబితే నిలబడే విన్నాడు. రాగిణి బయటికి వచ్చాక ఆమెతో అన్నాడు.

“నాకు కోపం పోలేదు రాగిణీ. పోయిందంటే అబద్ధం. నీకు పెళ్ళికి ముందు ఒకరు ఉన్నారని కాదు. ఆ రోజు అత్తయ్యగారు నన్ను అంతలేసి మాటలంటుంటే నువ్వు నోరు విప్పలేదు. అదే మింగుడుపడడం లేదు. కానీ పాప మన ఇద్దరిదీ. దాని కోసం ఏడవడానికి నాకు గుడివాడలో ఎవరూ లేరు. అమ్మ ముందు ఏడవలేను. నువ్వు వస్తావా?”

రాగిణి తల ఊపింది. ఇందిరాదేవి అల్లుడి ముందు వంగబోతే అతను ఆపేశాడు. క్షమించానని మాత్రం అనలేదు. అనమని ఆమె అడగలేదు కూడా. అడిగే మొహం తనకి లేదని ఆమెకి తెలుసు.

రోహిణీకార్తె ఎండల్లో అమలమ్మ ఫోన్ చేసింది. వినీలకి ఆడపిల్ల పుట్టిందట. మూడు కిలోలు! బిడ్డకి చేసిన పరీక్షలన్నీ బాగున్నాయట. ఆ కబురు ఫోన్లో చెప్పబుద్ధి కాక ఇందిరాదేవి గుడివాడ బస్సెక్కింది. భ్రమరాంబ గుమ్మంలోనే ఎదురొచ్చి, “రండి వదినగారూ” అని మాత్రం అంది. ఆ రెండు మాటలకే ఇందిరాదేవి మనసు నిండిపోయింది.

కబురు విని రాగిణి నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వినీల బిడ్డ కోసమో, తన బిడ్డ కోసమో... రెండూ కలిసే వచ్చి ఉంటాయి. ఇందిరాదేవి కూతురి పక్కన నేల మీద కూర్చుంది. ఇన్ని నెలలుగా దాచుకున్న మాట బయటపెట్టింది.

“రాగిణీ... ఆ రోజు నర్సు పాపని తెస్తే నేను మొహం తిప్పుకున్నానే. చూడలేక కాదు. ఎవరైనా చూస్తున్నారేమోనని... నా మనవరాలు ఎలా ఉందో నాకు తెలియదు. నువ్వు చెప్తావా?”

రాగిణి తల్లి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“జుట్టు ఒత్తుగా ఉందమ్మా” అంది మెల్లగా. “ఇంత చిన్నపిల్లకి అంత జుట్టేమిటా అనిపించింది. చెవులు మాత్రం ఆయనవే. వేళ్ళు పొడుగ్గా...”

ఇందిరాదేవి కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది.